షుగర్ ఉన్న గర్భిణికి యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఎందుకు వద్దన్నానంటే

మా చెల్లికి ఆరో నెలలో షుగర్ అని తేలగానే ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన మొదటి సలహా అన్నం తగ్గించమనో, కాస్త నడవమనో కాదు. మా బాబాయి కొడుకు, మందుల షాపులకి సరుకు వేసే పనిలో ఉంటాడు, ఒక యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ డబ్బా ఫోటో పెట్టి, "తల్లికి షుగర్ ఉంటే కడుపులో బిడ్డకి ఆక్సిడేటివ్ స్ట్రెస్ వస్తుందక్కా, ఇవి వాడితే సెట్ అయిపోతుంది, నేను డిస్కౌంట్‌లో ఇప్పిస్తా" అన్నాడు. కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు. నేను ఒక్క ముక్కలో వద్దన్నాను. అంతే, వాడికి కోపం, పిన్నికి అంతకంటే కోపం. ఎందుకు వద్దన్నానో గ్రూపులో టైప్ చేస్తే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

వాడు చెప్పిన దాంట్లో మొదటి సగం నిజమే, తంటా అంతా రెండో సగంతోనే. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, డిగ్రీ పిల్లలకి బయోకెమిస్ట్రీ చెప్తాను. ఏ మందు ఎంత వేసుకోవాలో మీ డాక్టరమ్మనే అడగండి.

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డలోకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. ఈ విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. తల్లికి షుగర్ పెరిగినప్పుడల్లా బిడ్డకీ పెరుగుతుంది, అప్పుడు బిడ్డ తన బుల్లి పాంక్రియాస్‌తో సొంతంగా ఇన్సులిన్ తయారుచేసుకుని ఆ చక్కెరని సర్దుకోవాలి. డెన్మార్క్ డాక్టర్ యోర్గెన్ పెడర్సన్ 1950ల్లోనే ఈ మాట చెప్పాడు. ఇన్సులిన్ అంటే పెరుగుదలని తోసే హార్మోన్ కూడా, అందుకే ఆ పిల్లలు బొద్దుగా పుడతారు. మన వాళ్ళు చూసి "అబ్బ, నాలుగు కిలోలు, దిష్టి తీయండి" అని మురిసిపోతారు, పక్కన నర్సు మాత్రం ఆ బిడ్డ మడమ గుచ్చి షుగర్ చూస్తూ ఉంటుంది.

ఇక ఆక్సిడేటివ్ స్ట్రెస్ సంగతి. కణంలో ఉండే మైటోకాండ్రియా మనం తిన్నదాన్ని ఆక్సిజన్ సాయంతో శక్తిగా మారుస్తాయి. ఆ పనిలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కి అంటుకుంటాయి, అదే సూపరాక్సైడ్. ఇది మీలో, నాలో, ఈ క్షణంలో కూడా జరుగుతోంది, కంగారు పడాల్సిన పని లేదు, ఎందుకంటే దాన్ని అణచడానికి ఒంట్లోనే ఏర్పాటుంది: సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, కాటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ అనేవి ఆ పెరాక్సైడ్‌ని నీళ్ళు చేసేస్తాయి. చక్కెర మరీ ఎక్కువగా వచ్చిపడితే మాత్రం పొయ్యిలో కట్టెలు కుక్కినట్టే అవుతుంది, మంట పెరగదు, పొగ పెరుగుతుంది. పుట్టే సూపరాక్సైడ్‌కి, అణచే ఎంజైములకి లెక్క కుదరదు. మిగిలిపోయింది కొవ్వుల మీద, ప్రోటీన్ల మీద, డీఎన్ఏ మీద పడుతుంది. ఇదే ఆక్సిడేటివ్ స్ట్రెస్, దాన్ని అణచేవాటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. 2001లో మైకేల్ బ్రౌన్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త నేచర్ పత్రికలో దీన్ని గట్టిగా వాదించాడు: షుగర్ జబ్బులో కళ్ళు, కిడ్నీలు, నరాలు పాడవడానికి వేర్వేరు దారులుగా కనిపించేవి చాలావరకు ఈ అదనపు సూపరాక్సైడ్ దగ్గరే మొదలవుతున్నాయని. ఆయన మాట్లాడింది పెద్దవాళ్ళ రక్తనాళాల గురించి. కానీ అదే చక్కెర మాయ దాటి వెళ్తుంటే బిడ్డ కణాలకి వేరే రూల్ ఉండదు కదా.

పుట్టగానే బొడ్డుతాడు రక్తం తీసి చూసిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. షుగర్ ఉన్న తల్లుల పిల్లల్లో, కొవ్వులు దెబ్బతిన్నప్పుడు మిగిలే మాలోన్‌డైఆల్డిహైడ్, ఐసోప్రోస్టేన్ లాంటివి ఎక్కువగా కనిపించాయి. అణచే ఎంజైముల లెక్క మాత్రం అన్ని చోట్లా ఒకేలా లేదు, కొన్నిట్లో తగ్గాయి, కొన్నిట్లో తట్టుకోడానికి కాబోలు పెరిగాయి. కాబట్టి టెస్ట్ చేసి "మీ బిడ్డకి ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఇంత ఉంది" అని నంబర్ చెప్పే పద్ధతి మామూలు వైద్యంలో లేదు, ఎవరైనా అలాంటి ప్యాకేజీ అమ్మజూపితే డబ్బులు దాచుకోండి.

దీంట్లో ఇంకో మెలిక ఉంది, నాకు క్లాసులో చెప్పడానికి అన్నిటికంటే ఇష్టమైనది అదే. బిడ్డలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే కణాలు ఎక్కువ పని చేస్తాయి, ఎక్కువ ఆక్సిజన్ వాడేస్తాయి. మాయ ఇచ్చే ఆక్సిజన్ అంతే ఉంటుంది. దాంతో బిడ్డకి లోపల కాస్త ఆక్సిజన్ కొరత. ఆ కొరత తీర్చుకోడానికి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ పెరిగి, ఎర్రకణాలు విపరీతంగా తయారవుతాయి, వాటికి కావాల్సిన ఐరన్ లివర్ నుంచి, మరీ ఎక్కువైతే మెదడు వాటా నుంచి కూడా లాగేసుకుంటాయి. పుట్టాక ఆ అదనపు ఎర్రకణాలు విరిగిపోవాలి కాబట్టి ఈ పిల్లల్లో కామెర్లు ఎక్కువ. విడిగా తిరిగే ఐరన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, ఈ గుంపులోకెల్లా దుర్మార్గమైనది అదే. అంటే చక్కెర ఎక్కువవడం, ఆక్సిజన్ చాలకపోవడం, ఐరన్ చోటు మారడం, మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. ఒక క్యాప్సూల్ వెళ్ళి దీంట్లో ఏ ముడి విప్పుతుందంటారు?

మా తమ్ముడి వాదనకి బలమిచ్చే ప్రయోగాలు నిజంగానే ఉన్నాయి, అవి దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు. స్వీడన్‌లో ఉప్సల యూనివర్సిటీలో ఉల్ఫ్ ఎరిక్సన్ బృందం ఎలుక పిండాలని బయటికి తీసి, చక్కెర ఎక్కువ వేసిన ద్రవంలో పెంచితే వాటికి అవయవ లోపాలు వచ్చాయి. అదే ద్రవంలో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ లాంటి ఎంజైములు కలిపితే లోపాలు బాగా తగ్గిపోయాయి. ఇది 1991లో అచ్చయింది. తర్వాత షుగర్ తెప్పించిన ఎలుకలకి విటమిన్ ఇ తినిపించి చూస్తే వాటి పిల్లల్లోనూ లోపాలు తగ్గాయి. బోస్టన్‌లోని జోస్లిన్ అనే షుగర్ పరిశోధన సెంటర్‌లో మేరీ లోకెన్ దీని లోపలి గుట్టు పట్టుకుంది: వెన్నుపాము సరిగ్గా మూసుకోడానికి పాక్స్3 అనే జన్యువు పనిచేయాలి, ఆక్సిడేటివ్ స్ట్రెస్ దాని గొంతు నొక్కేస్తోంది. చదివితే ఎవరికైనా వెంటనే మాత్రలు వేసేయాలనిపిస్తుంది.

కానీ ఇక్కడ తేదీలు చూడాలి. మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపు మూసుకుపోతుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకల్లా ఆ పని అయిపోయింది. టెస్ట్ కిట్ మీద రెండు గీతలు చూసి, ఇంట్లో చెప్పి, మంచి రోజు చూసుకుని హాస్పిటల్‌కి వెళ్ళేసరికి దాటిపోయిన గడువది. ఆ సమయంలో పిండానికి సొంత ఎంజైములు కూడా ఇంకా సరిగ్గా రాలేదు, అందుకే అంత సున్నితం. ఈ భయం ఎవరికి అంటే, గర్భానికి ముందే షుగర్ ఉన్నవాళ్ళకి, ఉండి తెలియనివాళ్ళకి. మా చెల్లికి మొదటి నెలల్లో చేసిన టెస్ట్ నార్మల్, ఆరో నెలలో పెరిగింది. తన బిడ్డ గుండె, వెన్ను చక్కెర పెరగకముందే తయారైపోయాయి. ఈ ముక్క చెప్పాకే అది రాత్రి నిద్రపోయింది, దానికి ముందు గూగుల్‌లో ఫోటోలు చూసి ఏడుస్తూ కూర్చుందట. ముందే షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టర్‌కి చెప్పి హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) 6.5 శాతం లోపుకి తెచ్చుకోవాలంటారు, ఫోలిక్ యాసిడ్ కూడా గర్భం రాకముందే మొదలుపెట్టాలి, వాళ్ళకి డోసు మామూలు వాళ్ళకంటే ఎక్కువ ఉంటుంది, అడిగి వేసుకోవాలి.

ఇప్పుడు మనుషుల మీద ఏమైందో చూద్దాం. బ్రిటన్‌లో 2006లో వచ్చిన విప్ ట్రయల్‌లో, ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 2,400 మంది పైచిలుకు స్త్రీలని తీసుకున్నారు, వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు, బాగా లావుగా ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. సగం మందికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. ప్రీఎక్లాంప్సియా తగ్గలేదు. తగ్గకపోగా విటమిన్లు వేసుకున్నవాళ్ళకి తక్కువ బరువు పిల్లలు ఇంకాస్త ఎక్కువగా పుట్టారు. సరే, అందరినీ కలిపితే అలా వచ్చిందేమో, అచ్చంగా షుగర్ ఉన్నవాళ్ళలో చూద్దామని టైప్ 1 షుగర్ ఉన్న 762 మందితో డాపిట్ అని ఇంకోటి చేశారు, అదే డోసు, 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులోనూ ప్రీఎక్లాంప్సియాలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి నుంచీ రక్తంలో ఈ విటమిన్లు తక్కువగా ఉన్నవాళ్ళకి మాత్రం కొంత మేలు కనిపించింది. అంటే లోటు ఉంటే పూడ్చండి, లోటు లేనిచోట గుమ్మరించినా ఒరిగేది లేదు అనే నేను అర్థం చేసుకున్నాను. ఇంకోటి గమనించండి, డాపిట్‌లో మాత్రలు మొదలుపెట్టిందే ఎనిమిదో వారం తర్వాత. ఎలుకల్లో గెలిచిన ఆట మనిషి లెక్కలో మొదటి నాలుగు వారాలది, అసలు దాని మీద పరీక్షే కాలేదు.

మాత్ర ఎందుకు పనిచేయదంటే ఒక కారణం మాత్రం నాకు బాగా నచ్చుతుంది. ఈ సూపరాక్సైడ్, పెరాక్సైడ్ అనేవి పూర్తిగా చెడ్డవి కావు. కొద్ది మోతాదులో కణాలు వాటినే కబుర్లు చెప్పుకోడానికి వాడుకుంటాయి, మాయ ఎదగడానికి కూడా ఆ కబుర్లు కావాలి. అన్నిటినీ తుడిచేస్తాను అనే మందు, ఆ కబుర్లని కూడా తుడిచేస్తుంది. పైగా చక్కెర వచ్చిపడుతూనే ఉంటే మైటోకాండ్రియాలో పుడుతూనే ఉంటుంది, రక్తంలో తిరిగే విటమిన్ సి అక్కడిదాకా వెళ్ళి ఎంతని అణచగలదు.

చక్కెరని అదుపు చేస్తే ఏమవుతుందో మాత్రం స్పష్టంగా తెలుసు. 2005లో ఆస్ట్రేలియాలో వెయ్యి మంది గర్భిణుల మీద చేసిన అకాయిస్ ట్రయల్‌లో, ఒక మోస్తరు షుగర్ ఉన్నవాళ్ళకే తిండి మార్చి, షుగర్ చూసుకుంటూ, అవసరమైతే ఇన్సులిన్ ఇస్తే, బిడ్డ చనిపోవడం, కాన్పులో భుజం ఇరుక్కోవడం, ఎముక విరగడం లాంటి పెద్ద ప్రమాదాలు 4 శాతం నుంచి 1 శాతానికి పడిపోయాయి. దీనికి డిస్కౌంట్‌లో ఇప్పించే డబ్బా ఏదీ లేదు, అదే దీని దురదృష్టం.

ఒళ్ళు ఎక్కువ ఉండి షుగర్ లేనివాళ్ళ సంగతి కాస్త వేరు. అక్కడ చక్కెర కంటే కొవ్వు ఆమ్లాలు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా అందుతాయి, కొవ్వు కణజాలం నుంచి వచ్చే వాపు సంకేతాలు మాయని కూడా ఇబ్బంది పెడతాయి. ఎలుకల్లో చూస్తే తల్లి బాగా లావైనప్పుడు ఆ అండంలోనే, ఇంకా గర్భం కూడా రాకముందే, మైటోకాండ్రియా తేడాగా ప్రవర్తిస్తున్నాయి. మనకి లెక్క ఇంకా కిందే మొదలవుతుంది, భారతీయులకి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతో చూసే లెక్క) 25 దాటగానే ఒబేసిటీ కింద లెక్క, మనింట్లో "కొంచెం కండ పట్టింది" అనుకునేవాళ్ళు చాలామంది ఈ లెక్కలోకి వస్తారు. అలాగని గర్భంతో ఉన్నప్పుడు బరువు తగ్గాలని కడుపు మాడ్చుకోకండి, అది ఇంకో ప్రమాదం.

బిడ్డ బొద్దుగా లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం కూడా మన దగ్గర కుదరదు. పుణె దగ్గర పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చేసిన పనిలో తేలిందేమిటంటే అక్కడి పిల్లలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు, కానీ మన పిల్లల్లో తగ్గింది కండ, కొవ్వు అంతగా తగ్గలేదు. బక్కగా కనిపించే కొవ్వు పిల్లలన్నమాట. మైసూర్‌లో జరిగిన పార్థినాన్ అధ్యయనంలో, షుగర్ ఉన్న తల్లుల పిల్లలకి బడి వయసుకే ఒంట్లో కొవ్వు, ఇన్సులిన్ రెండూ ఎక్కువగా ఉన్నాయి.

తిండి విషయం. "బెల్లం పర్లేదు, తేనె పర్లేదు" అనేవాళ్ళకి దండం, మీ రక్తానికి అదీ చక్కెరే. "ఇద్దరి కోసం తినాలి" అనేవాళ్ళకి ఇంకో దండం. సీమంతంలో ఒక్కొక్కరూ ఒక్కో లడ్డూ ముక్క నోట్లో పెడితే మొత్తం ఎన్ని లడ్డూలో ఎవరూ లెక్కపెట్టరు, మేం మాత్రం ఈసారి పళ్ళెంలో పండ్ల ముక్కలు, వేయించిన వేరుశెనగపప్పు పెట్టించాం, పెద్దవాళ్ళు గొణిగారు, అయినా పెట్టారు. అన్నం మానేయక్కర్లేదు, కంచంలో దాని చోటు తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు చోటు పెంచాలి. తిన్నాక ఓ పావుగంట వీధి చివరిదాకా నడవాలి. ఖాళీ కడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలని మా చెల్లికి చెప్పారు, రాకపోతే మందు, దానికీ లొంగకపోతే ఇన్సులిన్. ఇన్సులిన్ అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, ఎందుకో నాకర్థం కాదు, మాయ దాటదని పైనే చెప్పుకున్నాం. యాంటీ ఆక్సిడెంట్లే కావాలంటే జామకాయ తినండి, విటమిన్ సి నారింజ కంటే ఎక్కువ. ఉసిరికాయ పచ్చడి, గోంగూర, మునగాకు, గుప్పెడు పల్లీలు.

ఇంకో మాట, ఇది కచ్చితంగా గర్భిణులకి కాదు, వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళకి. గర్భంలో షుగర్ రావడానికి కారణం తను తిన్న స్వీట్లు కాదు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్ మాట విననివ్వవు, అది ప్రతి గర్భంలోనూ జరిగేదే, కొందరి పాంక్రియాస్ ఆ అదనపు పని లాగలేదు. అంతే. "నీ తిండి వల్లే నా మనవడికి ఇలా" అనే మాట నాకు తెలిసిన ఒక ఇంట్లో విన్నాను, ఆ పిల్ల ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

పుట్టాక మొదటి గంటలు చూసుకోవాలి. బొడ్డు కోయగానే తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది, షుగర్ ఠక్కున పడిపోతుంది. అందుకే ఆ మడమ గుచ్చడం, అందుకే మొదటి గంటలోనే పాలు పట్టమనడం. కడుపులో తక్కువ ఆక్సిజన్‌కి అలవాటుపడిన బిడ్డ ఒక్కసారిగా గాలి పీల్చడమే ఒక ఆక్సిడేటివ్ దెబ్బ, ఆరోగ్యంగా ఉన్న ఏ బిడ్డకైనా సరే. ప్రకృతి దానికి కూడా ముందే సర్దింది: ముర్రుపాల పసుపు రంగు బీటా కెరోటిన్ లాంటి కెరోటినాయిడ్లది, విటమిన్ ఇ కూడా వాటిలో బాగా ఉంటుంది. బిడ్డని పచ్చగా చేసే బిలిరుబిన్ కూడా కొద్దిగా ఉన్నంతవరకు యాంటీ ఆక్సిడెంటే, హద్దు దాటితేనే ప్రమాదం. పాలు పడే లోపు నోట్లో తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పట్టడం, ఇవి మాత్రం వద్దు, షుగర్ తక్కువైతే ఏం చేయాలో అక్కడి పిల్లల డాక్టర్ చూసుకుంటారు.

అమెరికాలో అరిజోనాలోని పీమా తెగలో ఒక పని చేశారు. ఒకే తల్లి పిల్లల్లో, ఆమెకి షుగర్ రాకముందు పుట్టినవాళ్ళని, వచ్చాక పుట్టినవాళ్ళని పోల్చి చూశారు. ఇల్లు అదే, తిండి అదే, జన్యువులూ ఆ అమ్మానాన్నలవే. అయినా షుగర్ వచ్చాక పుట్టినవాళ్ళకి పెద్దయ్యాక షుగర్ వచ్చే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. తండ్రికి షుగర్ వచ్చే ముందూ తర్వాతా పుట్టిన పిల్లల్లో ఆ తేడా లేదు. అంటే కడుపులో గడిపిన తొమ్మిది నెలలకి దాని లెక్క దానికుంది. రెండో కాన్పు గురించి ఆలోచించేవాళ్ళు కాన్పు అయ్యాక షుగర్ చూపించుకోవాల్సింది ఇందుకే, అక్కడే మనవాళ్ళు ఎగ్గొట్టేస్తారు, బిడ్డ గొడవలో పడి తల్లి టెస్ట్ ఎవరికీ గుర్తుండదు. కాన్పయిన ఆరో వారంలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే టెస్ట్ ఒకటి ఉంది. బిడ్డకి పెంటావాలెంట్ టీకా వేయించేది కూడా ఆరో వారంలోనే. మా చెల్లికి రెండూ ఒకే రోజు పెట్టమని చెప్పాను, ఎలాగూ టీకా దగ్గర క్యూలో కూర్చోవాలి, ఆ రెండు గంటలు అక్కడే అయిపోతాయి. తమ్ముడికి కూడా చెప్పాను, డబ్బా సంగతి వదిలేసి ఆ రోజు కారు తీసుకురమ్మని.